లవీనా స్ట్రౌడ్ దక్షిణపు కంచె

మార్చి నెలలో మందను కొండమేతకు తోలడం ఇసుకకొండల్లో ఎవరూ చెయ్యని పని. పదేళ్ళ పిల్లనడిగినా ఆ మాటే చెబుతుంది. మార్చి ఎండను నమ్మకూడదు. నెబ్రాస్కాలో ఆ మూలకొచ్చిన ఇరవై ఆరేళ్ళలో లవీనా స్ట్రౌడ్ ఆ సంగతి కావలసినన్ని సార్లు చూసింది. చూసి కూడా ఆ పదకొండో తారీఖు పొద్దున కొట్టం గేటు తీసి ఎనభై నాలుగు ఆవుల్ని దక్షిణం వైపు కొండల్లోకి వదిలింది. అన్నీ చూడి ఆవులే. ఇంకో మూడు వారాల్లో ఈనడం మొదలుపెడతాయి.

కూతురు హెట్టీ గేటు పట్టుకుని నిలబడింది. ముప్పై ఒకటేళ్ళ మనిషి. తల్లి ఎత్తు, తల్లి భుజాలు.

"అమ్మా, ఇంకో పది రోజులు ఆగరాదూ. రెండు గడ్డివాములున్నాయిగా."

"ఆ రెండూ ఏప్రిల్‌కి కావాలి."

"ఏప్రిల్లో పచ్చిక వస్తుంది."

"వస్తానని నీకేమన్నా ఉత్తరం రాసిందా?"

హెట్టీ గేటు ఇంకాస్త వెనక్కి లాగింది. తల్లితో వాదన పెట్టుకుంటే సగం పూట పోతుంది, ఆ సగం పూటలో పని మిగిలిపోతుంది. ఆవులు ఒకదాని వెనక ఒకటి బయటికి నడిచాయి. గాలి కూడా లేదు. ఎండ వెచ్చగా వీపు మీద పడుతోంది. కొండల వాలుల్లో నిరుటి గడ్డి ఎండి గోధుమరంగులో ఉంది, తింటే కడుపు నిండుతుంది. తుఫాను రాకపోతే అది తప్పే కాదు.

అసలు సంగతి వేరు. వాముల్లో గడ్డి ఉంది. లవీనా చేతుల్లోనే బలం లేదు.

జనవరిలో ఊపిరితిత్తులకు జబ్బు చేసి మూడు వారాలు మంచం పట్టింది. లేచాక గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుంటే మోచేతుల కింద ఏదో నీళ్ళు నిండినట్టు ఉండేది. చలికాలం పశువులకు గడ్డి వెయ్యడమంటే ఒకసారి వాములోంచి బండి మీదికి ఎత్తాలి, మళ్ళీ బండి మీంచి మంచులోకి విసరాలి. ఎనభై నాలుగింటికి రోజుకి రెండు బళ్ళు. అక్టోబరు నెలాఖరు నుంచి మే మొదటి వారం దాకా, ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు. ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున పంగలకర్ర వాములో గుచ్చింది గాని పైకి ఎత్తలేకపోయింది. హెట్టీ బండి అవతలి పక్కన ఉంది. లవీనా కర్రకి ఆనుకుని, ఆకాశం ఎలా ఉందో చూస్తున్నట్టు తల ఎత్తి నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. తర్వాత రెండు చేతులతో కాస్త కాస్త చొప్పున తీసి వేసింది. ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. యాభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఆమెకు పని చేతకాకపోవడం అదే మొదటిసారి.

అందుకని గేటు తీసింది. మంద బయట మేస్తే నాలుగు పొద్దులు చేతులకి తెరిపి దొరుకుతుందని. అంతకు మించి ఇంకేం లేదు.

లవీనా అయోవాలో పుట్టింది. అక్కడ నేల నల్లగా ఉండేది, చెట్లుండేవి. ఏమస్ స్ట్రౌడ్‌ని చేసుకుని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, చంకలో ఇంకో పసిదాన్ని పెట్టుకుని బండి ఎక్కినప్పుడు ఆమెకి ముప్పై మూడు. ప్రభుత్వం ఇసుకకొండల్లో మైలు పొడుగు మైలు వెడల్పు నేల ఉచితంగా ఇస్తోందని ఏమస్ ఎక్కడో విన్నాడు. ఉచితంగా ఎందుకిస్తోందో అతను అడగలేదు. అడిగే రకం కాదు. మనిషి మంచివాడు, సరదావాడు, దేన్నీ రెండోసారి ఆలోచించేవాడు కాదు. వచ్చి చూస్తే చెట్టన్నది లేదు. ఎటు చూసినా గడ్డి కప్పిన ఇసుక దిబ్బలు. నాగలి పెట్టి దున్నితే నేల లేచి గాలికి పోయింది. రెండో ఏడుకి ఏమస్ నాగలి పక్కన పడేసి, "ఇది ఆవులు తినే నేల గాని మనం తినే నేల కాదే" అన్నాడు. ఆ ఊరి జ్ఞానం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అది తెలియడానికి వాళ్ళకి రెండు పంటలు పట్టాయి.

గడ్డివేళ్ళతో సహా పెళ్ళలుగా కోసిన మట్టిని ఇటుకల్లా పేర్చి ఇల్లు కట్టారు. వాన పడితే మూడు రోజులు బయట కురిసేది, నాలుగో రోజు లోపల కురిసేది. పొయ్యిలోకి ఎండుపేడ ఏరుకొచ్చేవాళ్ళు. పసిది రెండో చలికాలం గొంతు మూసుకుపోయి చచ్చిపోయింది. కొండ మీద పాతిపెట్టారు. గాలికి ఇసుక జరిగిపోతుంటే లవీనా ఏడాదికోసారి రాళ్ళు తీసి మళ్ళీ పేర్చేది. ఆరేడేళ్ళ తర్వాత ఆ రాళ్ళు పిల్ల మీదే ఉన్నాయా, పక్కకి జరిగాయా అన్నది ఆమెకే అనుమానం వచ్చింది. అయినా పేర్చేది.

ఏమస్ 1908లో పోయాడు. గాలిమర ఎక్కి పైన ఇరుసుకి కొవ్వు రాస్తున్నాడు. గాలి ఉన్నట్టుండి దిక్కు మార్చింది. గాలిమర తోక గిర్రున తిరిగి అతని నడుం మీద కొట్టింది. కిందపడ్డాక కాసేపు బతికున్నాడు. "ఇరుసు ఇంకా సగం మిగిలింది," అన్నాడు. లవీనా ఏడవలేదని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు. ఏడ్చింది. పాలు పితికేటప్పుడు, ఆవు పొట్టకి తల ఆనించి. ఆ టైములో ఎవరూ రారు.

ఆ మరుసటి ఏడు వేసవిలో దక్షిణం వైపు మనిషి క్లెమ్ డచర్ మంద ఆమె పచ్చిక బీట్లోకి వచ్చి పడింది. అదే ఆమెకి చలికాలపు గడ్డి. కోసి వాము వేసుకోవలసిన గడ్డి. రెండు వందల ఆవులు రెండు రోజుల్లో నున్నగా చేసి పోయాయి. లవీనా గుర్రమెక్కి వెళ్ళి అడిగింది. డచర్ అప్పటికి యాభై దాటని మనిషి, వాకిట్లో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"మిసెస్ స్ట్రౌడ్, మీరు రాకముందు పదిహేనేళ్ళ నుంచి అవి అక్కడ మేస్తున్నాయి," అన్నాడు. "మీకు పట్టా వచ్చిందని నేను చదివాను. వాటికి చదువు రాదు."

"అయితే నేర్పిస్తాను," అంది లవీనా.

ఆ చలికాలం ఆమె పదకొండు ఆవుల్లో మూడు మిగిలాయి. ఆ మూడింటిని కూడా కత్తుల్లాంటి ఆకులుండే కొండమొక్కల దుంపల్ని గొడ్డలితో నరికి, తరిగి, మేపి బతికించింది. ఏప్రిల్లో భూమి కరగ్గానే కంచె మొదలుపెట్టింది.

గుంజలకి చెట్లు లేవు. ముప్పై మైళ్ళ అవతల నది లోయలో దేవదారు ఉంది. బండి కట్టుకుని ఒక రోజు పోవడం, ఒక రోజు నరకడం, ఒక రోజు రావడం. బండికి నలభై గుంజలు. పెద్దవాడు ఆరిన్ గుంజలు లాగేవాడు. హెట్టీకి అప్పుడు పదేళ్ళు, మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తల్లి చేతికి అందించేది. దక్షిణం వైపు మైలు పూర్తవడానికే రెండేళ్ళు పట్టింది. అందరూ మూడు తీగలు కడితే ఆమె నాలుగు కట్టింది. మూలల్లో గుంజలు కదలకుండా బండెడు రాళ్ళు పాతిపెట్టి వాటికి తీగ బిగించింది. వేలితో మీటితే మోగేది. డచర్ ఒకసారి గుర్రం మీద అవతలి నుంచి చూసి, "దీని మీద పిచ్చుక వాలాలన్నా మిమ్మల్ని అడగాలేమో," అన్నాడు. లవీనా గుంజ మొదట్లో మట్టి దిమ్మిస కొడుతూ, "పిచ్చుకైతే అడగక్కర్లేదు," అంది.

తర్వాత ఇరవై ఏళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతా కలిపితే ఒక పేజీ నిండదు. ఎవరికైనా అంత్యక్రియలైతే టోపీ తీసేవాడు. ఆమె తల ఊపేది.

ఆ కంచె లోపల మూడు ఆవులు తొమ్మిదయ్యాయి, తొమ్మిది ముప్పై అయ్యాయి. ప్రతిదాని ఎడమ తొడ మీద ఆమె గుర్తు, రెండు అడ్డగీతల వాత. ఆరిన్ పదిహేడేళ్ళకి రైల్వేలో చేరిపోయాడు. ఏటా ఒకసారి వచ్చి, "ఇంకా ఎంతకాలమే అమ్మా ఈ చాకిరీ," అని అడిగేవాడు. అడిగి, జామ్ సీసాలు నాలుగు పట్టుకుని పోయేవాడు. హెట్టీ ఉండిపోయింది. ఉండమని లవీనా అనలేదు, పొమ్మనీ అనలేదు. మట్టి ఇల్లు కూలితే చెక్క ఇల్లు వచ్చింది. మంద ఎనభై నాలుగైంది. జనం లవీనా స్ట్రౌడ్ గట్టి మనిషి అన్నారు. గట్టిగా లేని రోజున ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పన్నెండో తారీఖు పొద్దున ఎనిమిదింటికి వాన మొదలైంది. సన్న వాన, వెచ్చగానే ఉంది. లవీనా పొయ్యి మీద చిక్కుళ్ళు పెట్టింది. పదింటికి గాలిమర తోక ఒక్కసారి తిరిగి ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడైంది. గాలి వాయవ్యానికి మారింది. లవీనా గరిటె కింద పెట్టింది. పొయ్యి ఆర్పడానికి కూడా ఆగకుండా కోటు అందుకుంది. హెట్టీ అప్పటికే గుర్రాల దగ్గరుంది.

వాన తర్వాత మంచు వస్తే అంతకంటే చెడ్డది లేదు. పొడి మంచైతే పశువు దులుపుకుంటుంది. తడిసిన ఒంటి మీద గాలి తగిలితే వెంట్రుకలన్నీ గడ్డకట్టి పశువు మీద పలకలా తయారవుతుంది. కళ్ళ మీద, ముక్కు రంధ్రాల మీద ఐసు పేరుకుంటుంది. అప్పుడు ఏ ఆవైనా చేసేది ఒకటే. గాలికి తోక తిప్పి, తల దించి, నడుస్తుంది. ఎక్కడికని కాదు. ఏదో ఒకటి ఆపేదాకా నడుస్తుంది. పాత రోజుల్లో అడ్డం ఉండేది కాదు గనక కొండల చాటు చూసుకుని ఎక్కడో బతికి బట్టకట్టేవి. కంచెలు వచ్చాక కంచె దగ్గర ఆగుతాయి. ముందువి ఆగితే వెనకవి ఎక్కుతాయి. మంచు కప్పుతుంది. కరిగాక చూస్తే ఒకదాని మీద ఒకటి.

మందను వాళ్ళు కొండ దాటాక పట్టుకున్నారు. అప్పటికే తోకలు తిప్పేశాయి. లవీనా గుర్రాన్ని ముందుకు ఉరికించి ఆవులకి ఎదురు నిలబెట్టింది. తాడు చుట్టి కొట్టింది, అరిచింది. ఆవులు ఆమె గుర్రాన్ని రాయికి రెండు పక్కల నుంచీ నీళ్ళు పోయినట్టు దాటిపోయాయి.

"ఆ తెల్లమొహం దాన్ని తిప్పవే," అని అరిచింది. "అది తిరిగితే అన్నీ తిరుగుతాయి."

"దానికి కళ్ళు మూసుకుపోయాయమ్మా. నేనున్నానని కూడా దానికి తెలీదు. ఏం చూసి తిరుగుతుంది?"

గంటసేపు కొట్టారు. గుర్రాలు కూడా గాలికి మొహం పెట్టడం మానేశాయి. రెండు వందల గజాలు ఇంటి వైపు తోలామనుకుంటే నాలుగు వందల గజాలు అటు పోయాయి. తర్వాత ఏదీ కనిపించలేదు. ముందు ఎక్కడో ఒక ఆవు అరిచింది, ఇంకోటి అరిచింది. ఆ అరుపులు ఒకే చోటి నుంచి వస్తున్నాయి. నడిచే ఆవు అరవదు. ఇద్దరికీ అర్థమైంది.

కంచె దగ్గరికి వచ్చేసరికి ముందువి మోకాళ్ళ మీద పడిపోయి ఉన్నాయి. వెనకవి వాటి మీదికి నెట్టుకొస్తున్నాయి. నాలుగు తీగలు బిగుసుకుని మోగుతున్నాయి గాని ఒక్కటీ తెగలేదు. గుంజలు ఒక్కటీ ఒరగలేదు. అంత బాగా కట్టింది లవీనా.

హెట్టీ జీను సంచిలోంచి కటింగ్ ప్లయర్ తీసి పట్టుకుంది.

"తెంపుదామా?"

లవీనా తీగల అవతలికి చూసింది. అవతల డచర్ బీడు. దాని మధ్యలో ఆరు వాములు, ఆ మనిషి చలికాలమంతా దాచుకున్న గడ్డి. ఆమె ఆవులు అక్కడికే పోతాయి. ఆ నేల మీద కంచె తెంపిన మనిషిని గుర్రం దొంగ కంటే హీనంగా చూస్తారు. తన కంచె తనే తెంపి, తన ఆవుల్ని పక్కవాడి గడ్డి మీదికి తోలిన మనిషిని ఏమంటారో ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు. అదీ డచర్ గడ్డి మీదికి.

"అవతల అతని వాములున్నాయే."

"అవతల అతని వాములున్నాయి, ఇవతల మన ఆవులు చస్తున్నాయి. నేను చెప్పేది అంతే. కంచె నీది."

లవీనా గుర్రం దిగింది. ప్లయర్ తీసుకుని పైతీగకి పెట్టి నొక్కింది. వేళ్ళు మూసుకోలేదు. చేతి తొడుగు తీసేసి రెండు చేతులతో నొక్కింది. ప్లయర్ పళ్ళు తీగని పట్టుకున్నాయి, అక్కడే ఉన్నాయి. వేళ్ళు ఆమెవి కానట్టు అలా చుట్టుకుని ఉన్నాయి. పళ్ళు కొరికి మళ్ళీ నొక్కింది. పక్కనే ఒక ఆవు పొట్ట ఇంకో ఆవు కాలి కింద నలుగుతోంది. దాని నాలుక బయటికొచ్చింది.

ప్లయర్ కూతురికి ఇచ్చింది.

"గుంజ పక్కన తెంపు. ఎదురుగా నిలబడకు, తీగ వెనక్కి కొడుతుంది. అడుగుది ముందు."

హెట్టీ తెంపింది. నాలుగో తీగ తెగినప్పుడు ఈల వేసినట్టు ఎగిరి మంచులో ఎక్కడో పడింది. రెండో చోట తెంపింది, మూడో చోట తెంపింది. లవీనా తీగల్ని పక్కకి ఈడ్చింది, ఈడ్చడానికి వేళ్ళు అక్కర్లేదు, ముంజేతికి చుట్టుకుంటే చాలు. కోటు చిరిగింది, చెయ్యి చిరిగింది. కంచె నోరు తెరుచుకోగానే వెనక ఆవులు కదిలాయి. మెల్లగా, హడావుడి లేకుండా, ఏమీ జరగనట్టు దాటిపోయాయి. పడిపోయిన వాటిలో కొన్ని లేచాయి. కొన్ని లేవలేదు.

తెల్లమొహంది లేచింది.

తిరిగి ఇంటికి పోవాలంటే గాలికి ఎదురుపోవాలి. గుర్రాలు ఒప్పుకోలేదు, మనుషులకి వాటిని బలవంతపెట్టే ఓపికా లేదు. జీనులు పట్టుకుని ఆవుల వెనకే, ఆవులు పోయిన వైపే పోయారు. ఎవరూ ఎవరినీ తోలలేదు. అన్నీ కలిసి కొట్టుకుపోయాయి. మధ్యాహ్నం రెండు దాటాక గుర్రం దేనికో గుద్దుకుని ఆగింది. అది డచర్ కొట్టం గోడ.

డచర్ లాంతరు పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాడు. డెబ్బై ఒకటేళ్ళవాడు, వంగిపోయాడు. ఆ వాకిట్లో మంచులో నిలబడ్డ ఇద్దర్నీ చూశాడు, వాళ్ళ వెనక వాముల మీద పడి లాగుతున్న ఆవుల్నీ చూశాడు.

"దారి తప్పారా మిసెస్ స్ట్రౌడ్?"

"లేదు. కంచె తెంపాం."

"ఎవరిది?"

"నాదే."

డచర్ లాంతరు కిందికి దించాడు.

"అయితే అది మీ ఇష్టం. కాళ్ళు దులుపుకుని రండి, నేల నిన్ననే తుడిచాను."

లోపల డచర్ లవీనా కొయ్యబారిన చేతుల్ని చన్నీళ్ళ గిన్నెలో పెట్టించాడు. నెత్తురు తిరిగి వచ్చేటప్పుడు నొప్పి ఎలా ఉంటుందో ముగ్గురికీ తెలుసు. హెట్టీ కిటికీ దగ్గర నిలబడి ఆవుల్ని లెక్కపెట్టబోయి మానేసింది.

"మీ వాములు పాడైపోతాయి," అంది లవీనా.

"కనిపిస్తోంది."

"ఆపుదాం అంటే..."

"ఎవరు ఆపుతారు? నేనా? ఇప్పుడు వాటికి అడ్డం పోతే నన్ను కూడా తింటాయి. కాఫీ తాగండి."

కాఫీ తాగింది. కుర్చీకి వెనక్కి ఆనింది. ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఏదో మర్యాద మాట అనాలని నోరు తెరిచి అలాగే నిద్రపోయింది. మంచం మీదికి తీసుకెళ్ళాలని హెట్టీ లేపబోతే డచర్ వద్దన్నాడు. "ఉండనీ. మా అమ్మ కూడా కుర్చీలోనే పడుకునేది. లేపితే మళ్ళీ ఏదో పని అందుకునేది."

తుఫాను రెండు రోజులు కొట్టింది. లవీనా అందులో చాలా భాగం నిద్రపోయింది. జబ్బు చేసినప్పుడు కూడా అంత నిద్రపోలేదు. మధ్యలో లేచి పుల్లపిండి రొట్టె ముక్క తిని, ఆవులెలా ఉన్నాయని అడిగి, జవాబు వినేలోపల కళ్ళు మూసేది.

మూడో రోజు ఎండ వచ్చింది. హెట్టీ గుర్రమెక్కి కంచె దాకా వెళ్ళి వచ్చింది. వంటింట్లోకి వచ్చి తొడుగులు విప్పుతూ చెప్పింది.

"పదమూడు. అన్నీ కంచె దగ్గరే. ఇక్కడ ఒక్కటీ పోలేదు. డెబ్బై ఒకటి ఉన్నాయి."

లవీనా తల ఊపింది. డచర్ పొయ్యిలో ఎండుపేడ వేస్తున్నాడు.

"భోంచేసి తోలుకుపోదామా?" అంది హెట్టీ. "ఎండ ఉండగానే ఇల్లు చేరతాం."

లవీనా బల్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూస్తోంది. వేళ్ళు ఉబ్బి, నల్లబడి, ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఇల్లు చేరితే రేపు పొద్దున రెండు బళ్ళు. ఎల్లుండి రెండు బళ్ళు. మే దాకా.

"హెట్టీ. గడ్డి చాలదని కాదే నేను వాటిని వదిలింది."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు ఎత్తిన గడ్డి సగం బండిలో పడేది, సగం బండి పక్కన పడేది. నేను తర్వాత ఏరి వేసేదాన్ని. తెలియకపోవడానికి నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"చెప్పలేదేం మరి?"

"చెబితే మానేస్తావా? ఇంకో పంగ ఎక్కువ ఎత్తేదానివి."

డచర్ పొయ్యి మూత వేశాడు. అతను వింటున్నాడని ఇద్దరికీ తెలుసు, చిన్న వంటిల్లు, వినక ఎక్కడికి పోతాడు. లవీనా అతని వైపు తిరిగింది. ఆ మాట అడగడానికి ఆమెకు కంచె తెంపడం కంటే ఎక్కువ సేపు పట్టింది.

"పచ్చిక వచ్చేదాకా ఇక్కడ ఉండనిస్తారా వాటిని? వేసవిలో మా బీట్లో గడ్డి మీరే కోసుకోండి. తిన్నంతా, తొక్కినంతా, ఇంకా పైన ఎంతైనా కోసుకోండి."

"ఉండనిస్తాను, నాకేం. గడ్డి ఎవరు వేస్తారు? నాకు నా ఇరవైకి వెయ్యడమే గగనంగా ఉంది. మీకు చేతులు లేవు. ఇంక మిగిలింది మీ అమ్మాయి."

"అది వేస్తుంది."

"ఇద్దరూ కూర్చుని నా సంగతి తేల్చేస్తున్నారు," అంది హెట్టీ. "నేను ఇక్కడే ఉన్నాను."

తొడుగులు బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. మాట పెంచలేదు. ఆమె గొంతు ఎప్పుడూ పెంచేది కాదు, అందుకే లవీనాకి భయం వేసింది.

"అమ్మా, నేను డెబ్బై ఒకటింటికి వెయ్యను. ఇక్కడైనా వెయ్యను, ఇంటి దగ్గరైనా వెయ్యను. జనవరిలో మూడు వారాలు ఒక్కదాన్నే వేశాను. నాలుగో వారం ఉండుంటే నేనూ నీ పక్కన మంచం ఎక్కేదాన్ని. ఒక మనిషి చేతులకి నలభై. అంతకంటే ఒక్కటి ఎక్కువున్నా నేను ఆరిన్ దగ్గరికి పోతాను. రైలు స్టేషన్లో వంట చేస్తాను."

"నలభయ్యా?"

"నలభై. మిగతావి దారి తెరవగానే రైలెక్కించి అమ్మెయ్యి."

మూడు ఆవుల్ని డెబ్బై చెయ్యడానికి ఎన్ని చలికాలాలు పట్టిందో లవీనా చెప్పబోయింది. చెబితే హెట్టీకి తెలియనిది అందులో ఒక్కటీ లేదు. ఆ చలికాలాలన్నింటిలోనూ హెట్టీ ఉంది. నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడలేకపోయిన రోజుల నుంచి ఉంది. ఆరిన్‌లాగా పోయి ఉండొచ్చు. పోలేదు. ఇప్పుడు పోతానంటే అది బెదిరింపు కాదు. చలికాలానికి ముందు వాము ఎంత ఉందో, ఎన్నాళ్ళొస్తుందో చూసుకున్నట్టు తన ఒళ్ళు తను చూసుకుని చెబుతోంది.

"ఎప్పుడు విడదీద్దాం?" అని అడిగింది లవీనా.

"ఇవాళే. మళ్ళీ రేపైతే నువ్వు యాభై అంటావు."

డచర్ నవ్వాడు. లవీనాకి నవ్వు రాలేదు గాని కోపమూ రాలేదు.

అతని పాత దొడ్డి గేటు దగ్గర ఒక బాల్చీ బోర్లించి దాని మీద ఆమెను కూర్చోబెట్టారు. దుప్పటి కప్పారు. డచర్ గేటు పట్టుకున్నాడు. హెట్టీ గుర్రం మీద ఆవుల్ని ఒక్కొక్కటే దొడ్డిలోంచి తోలుకొచ్చింది. ఉంచేది ఎడమ వైపు, పోయేది కుడి వైపు. ప్రతి ఆవూ లవీనాకి తెలుసు. దాని తల్లి తెలుసు, దాని తల్లికి తల్లి తెలుసు.

"ఉంచు," అంది. "ఉంచు. పోనీ, దానికి పళ్ళు పోయాయి. ఉంచు. అది తంతుంది గాని పాలు బాగా ఇస్తుంది, ఉంచు. పోనీ."

తెల్లమొహంది వచ్చింది. పదకొండేళ్ళ ఆవు. లవీనా దాన్ని చూస్తూ ఉండిపోయింది. హెట్టీ తొందరపెట్టలేదు.

"పోనీ," అంది లవీనా.

డచర్ గేటు కుడి వైపు తిప్పాడు. ఆవు వెళ్ళిపోయింది.

ఎండ మంచు మీద పడి కళ్ళు నొప్పులు పుడుతున్నాయి. సగం అయింది. లవీనా గొంతు తగ్గుతూ వచ్చింది. మాట బదులు చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. తర్వాత వచ్చిన ఆవుకి ఏ చెయ్యీ లేవలేదు. డచర్ గేటు మధ్యలో పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆమె దుప్పటి లోపలికి చేతులు లాక్కుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుంది. మెలకువగానే ఉంది.

హెట్టీ గుర్రం దిగింది. తర్వాత ఆవు పళ్ళు చూసి, నడుం చూసి, "ఉంచు," అని తనే చెప్పింది.